మూడోసారి వద్దన్నాక

1వ రోజు

ఈ పుస్తకం మా తెప్ప మీదే ఉండే నర్సు, సుగుణ సిస్టరు ఇచ్చింది. మా మావ, అంటే మా ఆయన, రోజూ ఏం తింటున్నాడో, ఎంత తింటున్నాడో, కాలి పుండు ఎంత ఉందో ఇందులో రాయాలట.

ఆస్పత్రి పడవ సముద్రం మీద మేముండే ఈ ఏడో తెప్పకి యాభై రోజులకొకసారి వస్తుంది. నిన్న వచ్చి వెళ్లింది. అందులోని డాక్టరు మావ కుడిపాదం చూశాడు. షుగరు బాగా ఎక్కువుందనీ, మళ్లీ తను వచ్చేసరికి పుండు సగానికి తగ్గకపోతే పాదం తీసెయ్యాలనీ చెప్పాడు. చెప్పి చేతులు కడుక్కున్నాడు. మావ నవ్వాడు. నాకు కాళ్ల కింద తెప్ప ఊగినట్టయింది. నిజానికి ఆ పూట సముద్రం కదలకుండా ఉంది.

పాదం లేనివాడు నీళ్లలో నాచు కోతకి దిగలేడు. కోతకి దిగే మనిషి లేని ఇంటిని తెప్ప మీద ఉంచరు, ఒడ్డు శిబిరానికి పంపేస్తారు. నేను ఆ శిబిరంలోనే పెరిగాను. మా అమ్మమ్మ అక్కడ మంచినీళ్ల వరసలో నిలబడే పోయింది. అక్కడి సంగతి ఇంతకంటే రాయను.

నేను ఐదో తరగతి దాకా చదివాను. "తప్పులొస్తాయి సిస్టరు గారూ," అంటే ఆవిడ, "తప్పులొస్తే రానీ నూకరత్నం. అబద్ధాలు రాకుండా చూసుకో," అంది.

పుండు పక్కన దారం పెట్టి, దాని పొడవుకి తుంచి, ఈ పేజీకి అంటించాను. నా చిటికెన వేలి రెండు కణుపులంత ఉంది.

పొద్దున వడ్డన సాలలో నాలుగు ముద్దలు, మధ్యాహ్నం ఐదు. ఇవి మావ చెప్పినవి. సాయంత్రం ఇంట్లో నానబెట్టిన అటుకులు ఒక గుప్పెడు. ఇది నేను చూసింది.

3వ రోజు

పొద్దున్నే నీళ్ల డబ్బా జల్లెడ మార్చాను. మావ కోత బట్టలకి పట్టిన ఉప్పు దులిపాను. అత్త పక్కగుడ్డ ఆరేశాను. ఇవన్నీ అయ్యేసరికి నడుం పట్టేసింది. ఇంకా పగలంతా ఉంది.

తెప్ప మీద పొయ్యి వెలిగించకూడదు. ఎండు నాచు నిప్పురవ్వకి అంటుకుంటుంది. అందుకే అందరి తిండీ వడ్డన సాలలోనే. ఆడవాళ్లది ఈ చివర, మగవాళ్లది ఆ చివర. ప్రతి కుర్చీ ముందూ పళ్లెం, పళ్లెం పక్కన ఇనప చెయ్యి. ఆ చెయ్యి ముద్దలు పెడుతుంది, మాట్లాడుతుంది. మా వైపు చెయ్యిది ముసలావిడ గొంతు. "తిను తల్లీ, చిక్కిపోయావు," అంటుంది, ఎంత లావుగా ఉన్నవాళ్లనైనా.

పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టి వద్దంటే అది ఆగదు. రెండోసారి వద్దన్నా ఆగదు. మూడోసారికి ఆగుతుంది. మొదట్లో వచ్చిన చేతులు ఇలా ఉండేవి కావట. ఒక్కసారి వద్దంటే చాలు, ముడుచుకుని కూర్చునేవట. జనం అర్ధాకలితో లేచి వెళ్లి కాంట్రాక్టరు వాళ్లతో పెద్ద తగాదా పెట్టుకున్నారట. ఆ తగాదాలో ముందు నిలబడింది మా అత్త ఎరకమ్మే.

"మరేటి? వద్దనగానే మానెత్తే అది వడ్డనేటే? కుక్కకి ఇసిరినట్టు," అంది ఈ రోజు కూడా. "మనిషన్నాక మొదటిసారి మొహమాటానికి వద్దంటాడు. రెండోసారి మరియాదకి వద్దంటాడు. ఆ మాత్రం తెలీని చెయ్యి ఎందుకు?"

వాళ్లు ఆ మాట విని చేతులకి కొసరడం నేర్పారు. అప్పట్నుంచి ఎవరూ అర్ధాకలితో లేవలేదు.

6వ రోజు

దారం అంతే ఉంది.

సిస్టరు దగ్గరికి వెళ్తే ఒక ముద్ద నా చేతిలో పెట్టి నలపమంది. నలిపాను. వేళ్ల మధ్య మైనంలా అయిపోయింది. "ఇందులో నమలడానికేముంది?" అంది. నాచు పిండీ, పాకం, నూనే. కారం ముద్దలోనూ పాకమే. పులుపు ముద్దలోనూ పాకమే. కడుపు నిండిన సంగతి తలకి చేరడానికి దగ్గర దగ్గర ఇరవై నిమిషాలు పడుతుందట. ఈ ముద్ద నోట్లో పెట్టుకుంటే పది లెక్కపెట్టేలోపు ఉండదు. కబురు చేరేసరికి పళ్లెం ఖాళీ, మనిషి ఇంకో ముద్దకి చెయ్యి చాపి ఉంటాడు.

"అయితే తినేవాళ్ల తప్పు కాదా?" అన్నాను.

"నేను కూడా పొద్దున ఏడు తిన్నాను. తప్పెవరిదో నువ్వే రాసుకో," అంది సిస్టరు, కుర్చీలోంచి కష్టపడి లేస్తూ.

9వ రోజు

రాత్రి నానేసిన పెసలు మావకి సాలకి వెళ్లేముందు పెట్టాను. ముందే కొంత కడుపు నిండితే అక్కడ తగ్గుతుందని. బాగా నమిలి తిన్నాడు. "గుర్రానికి పెట్టినట్టు పెడతన్నావేటే," అని నవ్వాడు కూడా. నేను గ్లాసుతో నీళ్లు పక్కన పెట్టి కిటికీ దగ్గర నిలబడ్డాను.

మా వరసలో కిటికీ ఉన్న గది మాదొక్కటే. అది నా గొంతుకి ఇచ్చిన బహుమానం. పెళ్లయిన రెండో నెలలో సాలవాళ్లు వచ్చారు. దూరపు తెప్పల్లో పెట్టే చేతులకి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల గొంతు కావాలన్నారు. మీ ఆయన్ని ఏమని పిలుస్తావని అడిగారు. "మావా అని," అంది అత్త, నా బదులు. సరే, ఆయనకి అన్నం వడ్డిస్తున్నట్టు మాట్లాడమన్నారు. ముగ్గురు మగవాళ్లు, ఎదురుగా గొంతు పట్టుకునే పెట్టె. నా నోట మాట రాలేదు. అత్త నన్ను గోడవైపు తిప్పి, "ఈ గోడే నీ మొగుడనుకో. ఆడూ ఇలాగే ఉలక్కుండా పలక్కుండా తింతాడు," అంది. అందరూ నవ్వారు. నేను కళ్లు మూసుకుని, వాళ్లు చెప్పిన ముప్పై మాటలూ గోడతో చెప్పాను. చివర్లో గొంతెండిపోయి, ఇంక నా వల్లకాక, "సరే మావా, నీ ఇష్టం," అన్నాను. పెట్టె పట్టుకున్నాయన, "ఇదే. ఇలాంటిదే కావాలి," అన్నాడు.

కిటికీలోంచి సముద్రం తప్ప ఏమీ కనబడదు. గాలి మాత్రం వస్తుంది.

14వ రోజు

మావ బరువు రెండు కిలోలు పెరిగింది. దారం తగ్గలేదు, ఇంకో బియ్యపు గింజంత పొడవైంది. రోజుకి తొమ్మిది ముద్దలే తింటున్నానంటాడు. తొమ్మిదికి బరువు తగ్గాలంది సిస్టరు.

"మనిషి అబద్ధం చెప్తాడు, పుండు చెప్పదు. వెళ్లి చూడు," అంది.

మగవాళ్ల సాలలోకి నేనెలా వెళ్తాను? తల ఊపి వచ్చేశాను.

అత్తని అడిగితే, "నా కొడుకు ఒళ్లు చేశాడని మీకందరికీ కళ్లు మండతన్నాయి. వరద యేళ్లలో ఈడికి ఈ ఎముకలన్నీ లెక్కెట్టేదాన్ని నేను," అని తన పక్కటెముకల మీద వేళ్లు ఆనించి చూపించింది.

17వ రోజు

ఈ రోజు మావ మాత్రల డబ్బా మరిచిపోయి సాలకి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం మాత్ర అన్నానికి ముందే వేసుకోవాలి. ఎవరితోనైనా పంపిద్దామని గుమ్మంలో నిలబడ్డాను. వరసంతా ఖాళీ. అత్త నిద్రపోతోంది. సరే, మగవాళ్ల సాల తెర బయట నిలబడి ఎవరినైనా పిలుద్దామని బయల్దేరాను.

తెర మీద చెయ్యి వేశాను. లోపల్నుంచి నేను మాట్లాడుతున్నాను.

ఇంకోలా రాయడం నాకు రాలేదు. లోపల అరవై కుర్చీలుంటాయి. కొందరికి నేను "ఇంకొక్కటి మావా" అంటున్నాను. కొందరికి "ఏమీ తినలేదు మావా నువ్వు" అంటున్నాను. మూలనున్న ముసలాయనకీ మావానే, గడ్డం రాని కుర్రాడికీ మావానే. ఒకచోట ఆగితే ఒకచోట, ఆ గొంతు సాలంతా తిరుగుతోంది. తెర ఎలా తీశానో నాకు గుర్తు లేదు.

మావ నాలుగో వరసలో ఉన్నాడు. వీపు నావైపు. పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నాడు. ఇనప చెయ్యి ఆగి, "ఇంకొక్కటి మావా," అంది. వద్దన్నాడు. "నేను పెడుతుంటే కాదంటావా," అంది. మూడోసారి కూడా వద్దన్నాడు, తల అడ్డంగా ఊపి మరీ. ఇనప చెయ్యి వెనక్కి ముడుచుకుంది. ఆ తర్వాత కాస్త ఆగి, అలిసిపోయిన గొంతుతో, "సరే మావా, నీ ఇష్టం," అంది.

మావ అడ్డం పెట్టిన చెయ్యి తీసేశాడు.

నేనక్కడే నిలబడి లెక్కపెట్టాను. నేను చూస్తుండగా ఆరు. అంతకు ముందు ఎన్నో తెలీదు.

మావతో కోతకి దిగే పోలరాజు నన్ను చూశాడు. "ఒరేయ్ అప్పలకొండా, ఎనక్కి సూడు! మీ ఆవిడొచ్చింది రా, అసలుది!" అని అరిచాడు. సాలంతా గొల్లుమంది. ఎవరో, "అమ్మా, మాకూ ఓ ముద్ద పెట్టి పో," అన్నారు. నేను డబ్బా బల్ల మీద పెట్టేసి వచ్చేశాను. దారిలో ఎవరు కనబడ్డారో, ఎటునుంచి వచ్చానో ఏమీ తెలీలేదు.

19వ రోజు

నిన్న ఏమీ రాయలేదు. పుండు కొలవలేదు. సిస్టరు క్షమించాలి.

ఈ రోజు మావకి కోత సెలవు. అత్త నీళ్ల వరసకి వెళ్లింది. మావ గోడకి చేరగిలబడి కాలు చాపుకుని కూర్చున్నాడు. నేను కట్టు విప్పుతున్నాను. అడగాలని కాదు, నోట్లోంచి వచ్చేసింది.

"దూరపు తెప్పల్లో పెడతారన్నారు."

"అక్కడా పెట్టారు. ఇక్కడా పెట్టారు. ఏడాదైంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే తీయించెయ్యమంటావని."

నేను గుడ్డ తడిపాను. మావ తనే మాట్లాడాడు. ఇంత మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఎనిమిది గంటలు నీళ్ల కింద ఉంటాను రత్నం. మాటుండదు, చప్పుడుండదు. పైకొచ్చేసరికి ఒళ్లు తడిసిన గోనెలాగ అయిపోతాది. అక్కడ కూకుంటే నువ్వు పిలుత్తావు. ఇంటికొత్తే నువ్వు నీళ్ల గళాసు పెట్టీసి కిటికీకేసి సూత్తావు. రెండేళ్లయింది. ఈ గదిలో ఒక్కసారి మావా అన్నావా?"

అనలేదు. నాకు సిగ్గు. అది ఎలా చెప్పాలో కూడా సిగ్గే.

"మొదట్లో ఆకలికే తినీవోణ్ని. తరవాత నువ్వు అడిగినావని తిన్నాను. ఇప్పుడు అది కూడా కాదు." తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. "ఆ తీపి నోట్లో కరిగీలోపే ఈ చెయ్యి ఇంకోదాని మీదుంటాది. నీ గొంతు తీసేసినా తింటానేమో. నాకు తెలీదు."

"పాదం పోతుంది మావా."

ఆయన చప్పున తల తిప్పి నా మొహంలోకి చూశాడు. నేను వంగి కట్టు కట్టేశాను. కట్టు వదులుగా వచ్చింది. మళ్లీ విప్పి కట్టాను.

ముద్దలు: పొద్దున పది, మధ్యాహ్నం పన్నెండు. ఈసారి మావ నిజం చెప్పాడు.

22వ రోజు

సాల పెద్ద జగన్నాయకులు గారి గదికి వెళ్లాను. అత్త తోడు రానంది. గుమ్మం ముందు మూడుసార్లు వెనక్కి వచ్చి, నాలుగోసారి లోపలికి వెళ్లాను.

నా గొంతు తీసెయ్యమన్నాను. ఆయన విసుక్కోలేదు. కుర్చీ చూపించాడు. "అది మీ గొంతని మీరనుకుంటున్నారమ్మా. ఇప్పుడది అరవై రెండు తెప్పల్లో వడ్డిస్తోంది. ఒక్కరికోసం ఎలా తీస్తాం?"

"పోనీ మా ఆయన కుర్చీ దగ్గర ఆపండి."

"ఆపితే ఆయన పక్క కుర్చీలో కూర్చుంటాడు. అక్కడా ఆపమంటారా?"

లేచి రాబోతూ, ఎలా వచ్చిందో మాట, "అయితే ఎదురుగా నేను కూర్చుంటాను," అన్నాను.

ఆయన నన్ను కాసేపు చూశాడు. "కూర్చోండి. మంచిదే. మీ పళ్లెం కూడా అక్కడే పెట్టిస్తాను. ఆయనతో మీకేం చెప్పాలనిపిస్తే అది చెప్పండి, మొహమాటం లేకుండా," అన్నాడు. అంత సులువుగా ఒప్పుకుంటాడనుకోలేదు. వస్తుంటే గుమ్మం దాకా సాగనంపాడు.

24వ రోజు

అరవై మంది మగవాళ్ల మధ్య కూర్చున్నాను. తల ఎత్తలేదు. మావ చెవులు ఎర్రబడ్డాయి.

నాలుగు ముద్దల తర్వాత ఇనప చెయ్యి, "ఇంకొక్కటి మావా," అంది. నేను, "చాలు మావా," అన్నాను. నాకే వినబడలేదు. మళ్లీ అన్నాను. ఈసారి పక్క వరస దాకా వినబడింది.

"ఎవరి మాట ఇంటావురా ఇప్పుడు? ఇద్దరూ నీ పెళ్లాలే!" అన్నాడు పోలరాజు.

మావ నన్ను చూశాడు, ఇనప చేతిని చూశాడు. ఆ పూట ఏడు తిన్నాడు. పన్నెండు నుంచి ఏడు.

28వ రోజు

ఐదు. దారం ఒక గింజంత తగ్గింది. సిస్టరు పేజీ మీద వేలు పెట్టి రెండు దారాలూ పక్కపక్కన చూసి, "ఊఁ," అంది. ఆవిడ నోట ఊఁ అనిపించుకోవడం చిన్న విషయం కాదు.

నాకు రోజూ రెండుపూటలా అక్కడ కూర్చోవడంతో ఇంటి పనంతా మిగిలిపోతోంది. ఉప్పు బట్టలు కుప్ప పడ్డాయి. కాళ్లు వాస్తున్నాయి. అయినా ఈ మధ్య చాలు మావా, లే మావా, మాత్ర వేసుకున్నావా, కట్టు తడిసింది చూడు, అని నాకు తెలీకుండానే వస్తున్నాయి మాటలు. పోలరాజు, "నాకూ చెప్పమ్మా చాలని, మా ఇంట్లో ఎవులూ చెప్పరు," అన్నాడు. వెక్కిరింతకే అన్నాడు. కానీ ఆ పూట అతను రెండు ముద్దలు వదిలేశాడు.

33వ రోజు

ఇది ఎలా రాయాలో తెలీడం లేదు.

మధ్యాహ్నం మావ నాలుగో ముద్ద తింటుండగా పక్క కుర్చీ చెయ్యి, "చాలు మావా, ఇంక లే," అంది. నా గొంతే. పాతది కాదు, ఈ పది రోజుల్లో నేను కూర్చుని అన్నదే. కోపం, కంగారు, అన్నీ ఉన్నాయి అందులో. పక్క కుర్చీ మనిషి పగలబడి నవ్వాడు. వెంటనే ఆ వరసలో అన్ని చేతులూ అందుకున్నాయి. "కట్టు తడిసింది చూడు," అని కాలికి కట్టే లేనివాడితో అంటోంది ఒకటి. తిట్టడం, కాసేపాగడం, ఆ తర్వాత మెల్లగా, "సరేలే మావా, ఈ ఒక్కటీ," అనడం.

అందరూ తిన్నారు. తిట్టించుకోవడానికి తిన్నారు. తిట్టాక బతిమాలించుకోవడానికి తిన్నారు. మా మావ కూడా. తొమ్మిది.

సాయంత్రం జగన్నాయకులు గారు మా ఇంటికి ఒక డబ్బా పాకం ముద్దలు పంపించారు. మీ వల్ల సాల కళకళలాడుతోందని చీటీ రాశారు.

అత్త చీటీ చదివించుకుంది. రెండుసార్లు చదివించుకుంది. "నా కోడలి తిట్టు కూడా పట్టుకుపోయారేటి ఈళ్లు?" అంది. డబ్బా తీసుకెళ్లి కిటికీలోంచి సముద్రంలోకి వంచేసింది. వంచుతూ ఒక ముద్ద నోట్లో వేసుకుంది. నేను చూశానని తెలిసి, "అలవాటే," అంది. ఆ తర్వాత గుమ్మంలో కూర్చుని తనలో తనే అన్నట్టు చెప్పింది. "కొసరమని అడిగింది నేనే. కానీ మా అమ్మ కొసరేటప్పుడు మొహం చూసీది. మూడోసారి వద్దంటే ఇంక నిజంగానే వద్దని మొహం చూత్తే తెలిసీది. ఆ చెయ్యికి మొహం చూడ్డం నేర్పమని చెప్పడం మరిచిపోయాను."

35వ రోజు

ఎనిమిది. దారం తగ్గలేదు. ఇంకా పదిహేను రోజులు.

ఇంక నేను సాలలో నోరు తెరవను. ఏం అన్నా అది తీసుకుంటుంది. బతిమాలితే బతిమాలడం తీసుకుంటుంది. ఏడిస్తే ఏడుపు తీసుకుంటుంది. వెళ్లడం మానేద్దామనుకున్నాను. చాలా అలిసిపోయాను. కానీ మానేస్తే పన్నెండు అవుతాయి.

37వ రోజు

ఈ రోజు వెళ్లి ఎదురుగా కూర్చుని, ఏమీ మాట్లాడకుండా రెండు ముద్దలు తిన్నాను. నా తిండి అయిపోయింది. మావ తింటున్నాడు. నేను లేవలేదు. అమ్మమ్మ నేర్పిన పద్ధతి ఒకటుంది. పంక్తిలో కూర్చున్నాక పక్కవాళ్ల తిండి అవకుండా మనం లేవకూడదు. చెయ్యి కడుక్కోకూడదు. అలాగే ఎంగిలి చేత్తో కూర్చుని ఉండాలి.

అలాగే కూర్చున్నాను. చుట్టూ నా గొంతు నవ్వుతోంది, తిడుతోంది, అలుగుతోంది. నేను కుడిచెయ్యి పళ్లెం మీద పెట్టుకుని ఉన్నాను. పాకం వేళ్లకి అంటుకుని ఆరడం మొదలుపెట్టింది. వేళ్లు ఒకదానికొకటి అతుక్కున్నాయి. తర్వాత చర్మం బిగిసింది. తర్వాత కణుపుల దగ్గర తెల్లగా పగిలింది.

మావ ఐదో ముద్ద తీసుకుంటూ చూశాడు. "నీ చెయ్యి ఎండిపోతంది," అన్నాడు.

నేనేమీ అనలేదు.

"ఎల్లి కడుక్కో."

కదల్లేదు. మొహం ఎత్తి ఆయన్ని చూశాను, అంతే. నా మొహంలో ఏముందో నాకు తెలీదు. ఉదయం నుంచి నీళ్ల వరసలో నిలబడ్డ అలసట ఉండొచ్చు. ఇనప చెయ్యి, "ఈ ఒక్కటీ మావా," అంది. తర్వాత, "చాలు మావా, లే," అంది. తర్వాత, "సరే మావా, నీ ఇష్టం," అంది. మావ దాని వైపు చూడలేదు. నా వేళ్ల వైపే చూస్తున్నాడు. చేతిలో ఉన్న ఐదో ముద్ద పళ్లెంలో పెట్టేసి, బల్ల ఊతంతో లేచాడు.

"పద. కడుక్కుందాం," అన్నాడు.

నాలుగు.

41వ రోజు

నాలుగు, నాలుగు. పొద్దున నానిన శనగలు. చేతి మీద చర్మం పాకానికి చిట్లిపోయింది. సిస్టరు నూనె రాసింది. చెయ్యి తొందరగా ఎండడానికి విసనకర్ర పట్టుకెళ్లమంది అత్త. ఆవిడ వేళాకోళం మళ్లీ మొదలైంది. మంచిదే.

దారం రెండు గింజలు తగ్గింది.

46వ రోజు

మూడు, నాలుగు. మావ చాలా చిరాగ్గా ఉన్నాడు. తల నొప్పి, చేతులు వణుకు. తీపి మానేస్తే కొన్నాళ్లు ఇలాగే ఉంటుందట. రాత్రి నా మీద అరిచాడు. పొద్దున ఉప్పు బట్టలన్నీ తనే దులిపి ఆరేశాడు, ఒంటికాలి మీద నిలబడి. ఆరేసిన తీరు చూసి అన్నీ మళ్లీ నేను ఆరేసుకోవాల్సి వచ్చింది.

మగవాళ్ల సాలలో ఈ రోజు పోలరాజు ఎదురుగా వాళ్లమ్మ కూర్చుంది. ఆవిడకి కళ్లు కనబడవు. పోలరాజు తల వంచుకుని తిన్నాడు.

50వ రోజు

పడవ వచ్చింది.

డాక్టరు నా పుస్తకం తీసుకుని మొదటి పేజీ దారమూ, ఈ రోజుదీ పక్కపక్కన పెట్టాడు. సగం అవ్వాలి. సగానికి ఒక నూలుపోగంత తక్కువ తగ్గింది. ఆయన పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మావ నవ్వలేదు ఈసారి. నా వైపు కూడా చూడలేదు.

"చివరి రెండు వేళ్లూ చచ్చిపోయాయి. అవి తీసేస్తాను," అన్నాడు డాక్టరు. "పాదం ఉంచుతాను. వచ్చే పడవ దాకా."

"అంటే యాభై రోజులా?" అన్నాను.

"యాభై రోజులు. తర్వాత మళ్లీ చూద్దాం."

పుస్తకంలో ఇంక నాలుగు పేజీలే ఉన్నాయి. సిస్టరు ఇంకోటి తెచ్చి ఇచ్చింది. ఇది కొంచెం లావుగా ఉంది.

57వ రోజు (కొత్త పుస్తకం)

కుట్లు ఆరాయని ఈ రోజు నడవనిచ్చారు. కోతకి కాదు, ఊరికే ఇంట్లో, సాల దాకా నడవడానికి. మావ గోడ పట్టుకుని లేచాడు. కాలు కడుక్కున్న తడి చెక్కల మీద ఉంది. ఒక్కో అడుగూ వేస్తుంటే మడమా, పాదం అంచూ, మూడు వేళ్లూ తడిగా పడుతున్నాయి. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి వాటిని చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు.

"ఇంకా ఎన్నాళ్లు అలా ఎండిన చేత్తో కూకుంటావు?" అన్నాడు.

"తెలీదు మావా."

సాల గంట కొట్టారు. మధ్యాహ్నం భోజనం వేళయింది. నేను చెప్పులు తొడుక్కుని, ఆ తడి అడుగులు తొక్కకుండా పక్కనుంచి ఆయన దగ్గరికి వెళ్లాను. ఇద్దరం మెల్లగా బయల్దేరాం.